రెండు వేళ్ళ సందు
(రాయపోల్‌లో ఫొటో సారు యాదిలో చేసిన స్మారక ఉపన్యాసం)



ఫొటో సారు పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు ఒక మాట ముందే చెప్పాను. ఆయన మంచితనం గురించి నేను మాట్లాడను. ఆయన దినాల నాడు ఊరంతా అదే మాట్లాడింది, నాకేమీ మిగల్చలేదు. నేను ఆయన పని గురించి మాట్లాడతాను. బతికి ఉంటే మంచితనం గురించి వింటూ కునికిపాట్లు పడేవాడు. పని గురించైతే మధ్యలో లేచి నా తప్పులు దిద్దేవాడు.

కరపత్రంలో నా విషయం ‘ఛాయాచిత్రకళలో బంధనం’ అని అచ్చయింది. అంత బరువైన మాట వేసింది నేను కాదు. సంగతి ఇది: తాడుతో కట్టిన మనిషిని ఫొటో తీయాలంటే ఆ మనిషిని ఎట్లా నిలబెట్టాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ పక్క నుంచి చూస్తే చూడచక్కగా ఉంటుంది. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు అప్పుడే ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చూసుకోండి. నేను కూడా మొదటిసారి విన్నప్పుడు అట్లనే చూశాను.

నిరుడు గజ్వేల్ వైపు స్టూడియో నడుపుకునే కుర్రాడొకడు ఫోన్ చేశాడు. మోడలింగ్ చేసే ఒకామె, ముప్పై దాటిన మనిషి, ఒంటికి తాళ్ళు కట్టించుకొని ఫొటోలు దిగుతానని వచ్చిందట. బట్టలు ఒంటి మీదే ఉంటాయి, తాళ్ళు పైన వస్తాయి. జపాన్ వాళ్ళు తీసినవి ఫోన్‌లో చూపించిందట. మనవాడు పెళ్ళిళ్ళు తీస్తాడు, బారసాలలు తీస్తాడు, ఇదెన్నడూ తీయలేదు. “సార్, ఇది తప్పా? తప్పు కాకుంటే ఎట్ల తియ్యాలె?” అన్నాడు. రెండు ప్రశ్నలూ ఒకే ఊపిరిలో అడిగాడు. అది నాకు నచ్చింది. చాలామంది మొదటిది అడిగి ఆగిపోతారు, ఇంకొందరు రెండోదే అడుగుతారు. ఆ రోజు వాడికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. సరైన జవాబు ఇవాళ చెప్పాలని చూస్తున్నాను. జవాబులో సగం ఫొటో సారుదే.

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువసార్లు కెమెరాకెక్కిన ముడి ఏది? పుస్తె ముడి. తీయడానికి అంతకంటే కష్టమైన ముడి లేదు. పిల్లవాడు ముందుకు వంగుతాడు, రెండు చేతులూ పిల్ల మెడ వెనక్కి పోతాయి, ఆ చేతుల్లో పిల్ల మొహం దాక్కుంటుంది. ఆడబిడ్డ జడ ఎత్తి పట్టుకొని వెనక నిలబడుతుంది. పంతులు చెయ్యి అడ్డం. మీద నుంచి తలంబ్రాలు. ఇక ఇప్పుడైతే చుట్టూ నలభై ఫోన్లు. ఎదురుగా నిలబడి తీసినవాడికి దక్కేది పెళ్ళికొడుకు నడినెత్తి. అందుకే కొందరు ఫొటోగ్రాఫర్లు “ఒక్కసారి ఆగు బ్రదర్, మళ్ళీ కట్టు” అంటారు. మూడు ముళ్ళ పెళ్ళి ఆరు ముళ్ళవుతుంది.

ఫొటో సారు ఎన్నడూ మళ్ళీ కట్టమనలేదు. ముందురోజు రాత్రే పెళ్ళికొడుకును పక్కకు పిలిచేవాడు. “బిడ్డా, రేపు ముడి వేసేటప్పుడు మోచేతులు కిందికి వేలాడేసుకోకు. కొంగ రెక్కల లెక్క పక్కకు లేపు. నీ చేతుల నడుమ నుంచి పిల్ల మొఖం నాకు కనవడాలె.” పిల్లకు వేరే మాట: “సిగ్గయితే పడు, కానీ గదమ రొమ్ముకు ఆనియ్యకు. మెడ వంచకు, నడుము దగ్గర వంగు.” తర్వాత తాను ఎదుట నిలబడకుండా పిల్లకు ఎడమ పక్కన, ఏటవాలుగా, ఒక మోకాలు నేలకానించి కూర్చునేవాడు. పెద్ద పెద్ద పుస్తకాలు తిరగేసి నేను నేర్చుకున్న పోజుల శాస్త్రం అంతా ఈ మూడు మాటల్లోనే ఉంది. చేతికీ ఒంటికీ మధ్య సందు ఉండాలి, లేకపోతే మనిషి వెడల్పుగా, ముద్దలా కనిపిస్తాడు. గదమ కొంచెం ముందుకు రావాలి, లేకపోతే సన్నటి పిల్లకు కూడా రెండో గదమ వస్తుంది. కెమెరా ఎదుటి నుంచి పక్కకు జరగాలి, అప్పుడే ముక్కు, చెంప, కణత ఒక గీతలోకి వస్తాయి.

ఇంకొకటి ఆయన చెప్పకపోయినా ఆయన కెమెరా చెప్పింది. అది యాషికా. రెండు కళ్ళ డబ్బా. ఒక రీలుకు 12 ఫొటోలు, చదరపువి. ఆ కెమెరాను కంటికి ఆనించి చూడరు, రొమ్ముకో పొట్టకో ఆనించి మీద నుంచి తొంగి చూస్తారు. అద్దంలో కుడిది ఎడమగా కనిపిస్తుంది, అలవాటు లేనివాడు మనిషిని వెతుక్కుంటూ అటూ ఇటూ తిరుగుతాడు. ఆ ఇబ్బందితో పాటే ఒక వరం కూడా ఉంది. నిలబడ్డ మనిషిని పొట్ట ఎత్తు నుంచి తీస్తే కాళ్ళు కాళ్ళంత ఉంటాయి, తల తలంత ఉంటుంది. ఇప్పుడు మనం ఫోన్‌ను మన కంటి ఎత్తున పట్టుకొని కిందికి చూస్తూ తీస్తాం. తల పెద్దదవుతుంది, కాళ్ళు పొట్టివవుతాయి. పైగా ఫోన్‌లోని మామూలు లెన్సు వెడల్పుగా చూసేది, దగ్గరున్నదాన్ని ఉబ్బించి చూపుతుంది. మీ ఇంట్లో పాత ఆల్బమ్‌లో మీ అమ్మమ్మ మీకంటే పొడుగ్గా కనిపిస్తే అది పాతకాలం తిండి మహిమ అనుకోకండి. అందులో కొంత యాషికా మహిమ ఉంది.

రెండో ముడి మోకు.

2016లో జిల్లాలు చీల్చినప్పుడు మనది సిద్దిపేట జిల్లాలోకొచ్చింది, రాయపోల్ మండలమైంది. అంతకు ముందూ తర్వాతా మారనిది ఈ తాటివనం. మన భాషలో తాడికీ తాడుకీ ఒక్క అక్షరం తేడా. గౌడన్న మోకును చెట్టు చుట్టూ, తన నడుము చుట్టూ వేసుకొని, కాళ్ళకు బందం తగిలించుకొని, వెనక్కి వాలి ఎక్కుతాడు. కట్టుకున్న మనిషి అందంగా ఉండడం చూడాలంటే జపాన్ దాకా పోనక్కర్లేదు. చెట్టు నిట్టనిలువు గీత, మనిషి ఏటవాలు గీత, రెండింటినీ కలుపుతూ బిగుసుకున్న మోకు. బరువంతా ఆ తాడు మీద వేసి, రెండు చేతులూ వదిలేసి, కత్తితో గెల చెక్కుతుంటే ఆ ఒంట్లో ఒక నిబ్బరం ఉంటుంది. తాడు ఆయన్ను పట్టుకుంది, ఆయన తాడును నమ్మాడు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ కింద, పనిలో కొత్తగా ఉన్నప్పుడు, ఇదే ఊరి పొలిమేరలో ఒక గౌడన్నను చెట్టు మీద ఫొటో తీశాను. చెట్టు మొదట్లో నిలబడి పైకి తీస్తే ఏం వస్తుందో మీకు తెలుసు: పాదాలు, లుంగీ, పైనెక్కడో గదమ. వెనక్కి జరిగాను. ఇంకా వెనక్కి, పొలం గట్టు మీదికి. లెన్సు మార్చాను. వెలుతురు కొలిచాను. మబ్బు వచ్చింది, మబ్బు పోయేదాకా ఆగాను. “అన్నా, అట్లనే ఉండు, వెనక్కి ఇంకింత వాలు” అంటూనే ఉన్నాను. పైన ఆ మనిషి పిక్కలు వణుకుతున్నది నాకు తర్వాత ఫిలిం కడిగి పెద్దది చేసినప్పుడు కనిపించింది. ఫొటో సారుకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, “మంచిగుంది” అన్నాడు. కాసేపటికి, “ఆయన ఎక్కకముందే నువ్వు తయారై ఉండాలె గద” అన్నాడు. అంతే. ఇంకేమన్నా బాగుండేది.

తాడు ఫొటోలకు అది మొదటి సూత్రం. కట్టిన తర్వాత ఏదీ వెతుక్కోకూడదు. దీపాలు, లెన్సు, నేపథ్యం, నిలబడే చోటు అన్నీ ముందే వేరే మనిషిని నిలబెట్టి చూసుకోవాలి. మోడల్ తాడు లేకుండానే ప్రతి పోజూ ఒకసారి చేసి చూడాలి. కట్టిన తర్వాత పనంతా నిమిషాల్లో అయిపోవాలి. ఒంటికి నొప్పి పుడితే మొహంలో ముందు తెలుస్తుంది, ఆ మొహాన్ని ఏ కోణమూ దాచలేదు.

మోకు గురించి ఒక్క మాట కలిపి ముందుకు పోతాను. 2024 జులై 14న లష్కర్‌గూడలో ప్రభుత్వం గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి కూడా తాళ్ళూ పట్టీలే. మనిషి జారితే పట్టుకునేట్టు కట్టినవి. అది వేసుకున్న గౌడన్నను ఇంతవరకు ఎవరూ మంచి ఫొటో తీయలేదని నా ఫిర్యాదు. పాత మోకుదే అందం అని అందరికీ ఒక భ్రమ. మెడలో కెమెరాలతో వెనక వరుసలో నిలబడ్డ తమ్ముళ్ళూ, వింటున్నారా.

పోజు అనే మాట ఇంగ్లిషుదే గానీ పని మనకు పాతది. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది, రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. గుడి బయట కప్పు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలను అందరూ చూసే ఉంటారు. అందులో ఒకామె నాగిని. ఒంటి చుట్టూ పాము. ఆమె కట్టుబడ్డదో, పామునే నగగా కట్టుకుందో చెప్పలేం. నడుము ఒక పక్కకు, భుజాలు ఇంకో పక్కకు, తల మళ్ళీ మొదటి పక్కకు. ఈ మూడు వంపుల్నే త్రిభంగి అంటారు. బరువు ఒక కాలి మీద వేస్తే రెండో కాలు తేలికవుతుంది, నడుము దానంతటదే ఒరుగుతుంది, రాయి ఊపిరి తీసుకున్నట్టుంటుంది. శిల్పికి ఇంకో సంగతి తెలుసు. చూసేవాడు కింద నిలబడతాడు. కింద నుంచి చూస్తే ఒళ్ళు కురచబడుతుంది. అందుకేనేమో ఆ బొమ్మల్ని సన్నగా, కాళ్ళు సాగదీసినట్టు చెక్కాడు. చూసే కన్ను ఎక్కడుంటుందో ముందు అనుకొని తర్వాత ఒళ్ళు చెక్కడం. యాంగిల్ అంటే అంతకుమించి ఏమీ లేదు.

సరే, ఇక ఆ కుర్రాడు అడిగిన అసలు ఫొటోల దగ్గరికి వస్తాను. చిన్నపిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు వాళ్ళను ఐస్‌క్రీమ్ బండి దాకా తీసుకుపోవచ్చు.

జపాన్‌లో ఎడో యుగంలో ఖైదీలను తాడుతో కట్టడం పోలీసుల విద్య. మనిషి అంతస్తును బట్టి, నేరాన్ని బట్టి కట్టు మారేది. ఆ శిక్ష కట్లను బొమ్మలుగా, ఫొటోలుగా మార్చినవాడు ఇతో సెయు అనే చిత్రకారుడు. 1882లో పుట్టాడు, 1961లో పోయాడు. 1921లో తన భార్యనే, గర్భవతిగా ఉన్నప్పుడు, తలకిందులుగా వేలాడదీసి ఫొటో తీయించాడు. కళాచరిత్రలో దాన్ని గొప్ప ఘట్టంగా చెప్పేవాళ్ళున్నారు. నాకు ఆ ఫొటోలో గొప్పతనం కనిపించదు. తీసినవాడి మొండితనం కనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ దేశంలో ఇది పత్రికల్లోకి వచ్చింది, తర్వాత గ్యాలరీల్లోకి వచ్చింది. ఇప్పుడు ‘కిన్‌బాకు’ అంటే ప్రపంచమంతా తెలుసు. జనపనార తాడు, చిటికెనవేలి కంటే సన్నగా, ఆరు మిల్లీమీటర్ల మందం, ఏడెనిమిది మీటర్ల పొడుగు. దాన్ని మధ్యకు మడిచి జంటగా కడతారు.

అమెరికాలో దారి వేరు. 1950లలో న్యూయార్క్‌లో ఇర్వింగ్ క్లా అనే వ్యాపారి బెట్టీ పేజ్ అనే మోడల్‌తో ఇట్లాంటి ఫొటోలు తీయించి పోస్టులో అమ్మేవాడు. చాలా ఫొటోల్లో తాళ్ళు కట్టింది, పోజులు పెట్టింది ఆయన తోబుట్టువు పౌలా. ఆ ఫొటోల్లో బెట్టీ పేజ్ చాలాచోట్ల కళ్ళతో నవ్వుతూనే ఉంటుంది. ఇదంతా ఆటే, నాకు తెలుసు, నీకు తెలుసు అన్నట్టు. 1955లో సెనేటు కమిటీ క్లాను పిలిచి నిలదీసింది. తర్వాత కేసుల భయంతో ఆయన నెగటివ్‌లు తగలబెట్టాడు, పౌలా కొన్నింటిని దాచింది. ఇవాళ మనం చూస్తున్నవి ఆమె దాచినవే.

ఈ ఫొటోలు చాలా చూశాను. అందంగా ఉన్నవాటికీ లేనివాటికీ తేడా ఎక్కడుందో చెప్తాను, పని తెలిసినవాళ్ళకు ఉపయోగం.

తాడు ఒక గీత. ఒంటి మీద గీత వేస్తే కన్ను ఆ గీత వెంట నడుస్తుంది. అడ్డంగా వేస్తే అక్కడ ఒళ్ళు వెడల్పవుతుంది, ఏటవాలుగా వేస్తే సన్నబడుతుంది. అడ్డ కట్టు తప్పనిసరైతే మనిషి వెన్ను నిటారుగా ఉంచి ఊపిరి పైకి తీసుకోవాలి. కూలబడి కూర్చుంటే తాడు రెండు వైపులా కండ ఉబుకుతుంది, ఎంత సన్నటివాళ్ళకైనా సరే. చేతులు ముందుకు కట్టి కెమెరా వైపు చాపిస్తే అరచేతులు మొహమంత అవుతాయి. రెండు మూడు మీటర్లు వెనక్కి పోయి, పొడుగు లెన్సుతో తీయాలి, లేదా చేతుల్ని ఒక పక్కకు, తుంటి వైపు జరపాలి. అరచేయి వెనక భాగం ఎప్పుడూ బండగా కనిపిస్తుంది. చిటికెనవేలి అంచు కెమెరాకు చూపిస్తే చెయ్యి తామరకాడలా ఉంటుంది. వేళ్ళు పిడికిలి కాకూడదు, కర్రల్లా బిగుసుకోకూడదు. మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలకు నేను చెప్పే కిటుకు: గుప్పిట్లో కోడిగుడ్డు ఉందనుకోమనండి.

మోకాళ్ళ మీద కూర్చున్న మనిషిని ఎదుటి నుంచి తీస్తే తొడలు మాయమై మోకాళ్ళు మాత్రం రెండు బంతుల్లా మిగులుతాయి. ముప్పాతిక పక్కకు తిప్పాలి. కెమెరా కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు దిగాలి. పడుకున్న మనిషిని పాదాల వైపు నుంచి తీయకండి. ముక్కు రంధ్రాలు తప్ప మొహంలో ఏమీ మిగలదు. తల వైపు కొంచెం జరిగి తీయండి. వెలుతురు పక్క నుంచి, ఏటవాలుగా, ఒంటిని రాసుకుంటూ పోయేట్టు పడితే తాడు పేటలు ఒక్కొక్కటీ లేచి కనిపిస్తాయి. ఎదుట నుంచి ఫ్లాష్ కొడితే ఏడెనిమిది మీటర్ల తాడూ దండగ. ముడి వెనకెక్కడో ఉన్నా ఒక్క చోటైనా తాడు కొస కనిపించాలి. కొస కనిపిస్తే విప్పుకోవచ్చని కన్ను అనుకుంటుంది, చూసేవాడి గుండె కాస్త కుదుటపడుతుంది. ఇది నా సొంత సిద్ధాంతం. ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇవన్నీ చేసినా కింద నుంచి చూపే కోణమా, మీద నుంచి చూపే కోణమా అన్నది మిగిలి ఉంటుంది. మీద నుంచి తీస్తే కట్టుబడ్డ మనిషి కుంచించుకుపోతాడు. కింద నుంచి తీస్తే కట్టు మనిషికి లొంగినట్టుంటుంది. ‘ఆర్‌ఆర్‌ఆర్’లో భీమ్‌ను కట్టేసి కొరడాతో కొట్టే పాట గుర్తు తెచ్చుకోండి. కొట్టేవాళ్ళకు కావాల్సింది అతను మోకాళ్ళ మీద పడటం. అతను పడడు. ఆ సన్నివేశం మొత్తం మోకాలికీ నేలకూ మధ్య ఉన్న దూరం మీద నడుస్తుంది. పోజు అంటే అదే అని సినిమా తీసినవాళ్ళకు తెలుసు. తెర మీది బొమ్మను చూసి ఏడ్చినవాళ్ళం మనమే కదా, కట్టు నిజం కాదని తెలిసి కూడా.

ఇక తాడు ఒంటికి చేసేది. దీన్ని నేను మెల్లగా చెప్తాను, ఇక్కడ తొందర పనికిరాదు. భుజానికీ మోచేతికీ మధ్య, బయటి వైపు, ఒక నరం ఎముకను ఆనుకొని తిరుగుతుంది. రేడియల్ నరం. దాని మీద తాడు బిగిస్తే నొప్పి పెద్దగా ఉండదు, అదే ప్రమాదం. తర్వాత చూస్తే మణికట్టు వాలిపోయి ఉంటుంది, వారాలు, నెలలు లేవకపోవచ్చు. అందుకే మధ్యమధ్యలో చెయ్యి ‘ఆగు’ అన్నట్టు వెనక్కి లేపమనాలి. లేపలేకపోయినా, తిమ్మిరి అన్నా, వేళ్ళు చల్లబడ్డా, మాటలేదు, విప్పడమే. విప్పడం కుదరకపోతే కోయడమే. మొన మొద్దుగా ఉండే కత్తెర చేతికందేంత దూరంలో ఉండాలి, సంచిలో కాదు. మెడ మీదికి తాడు పోకూడదు. కట్టిన మనిషిని వదిలి టీ తాగడానికి పోకూడదు. వేలాడదీయడం అసలు మన పని కాదు, ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళు కూడా దెబ్బతింటారు. ఇక ప్రతి కట్టు కిందా రెండు వేళ్ళు దూరాలి. తాడు పని తెలిసినవాళ్ళంతా ముందుగా చెప్పేది ఇదే.

ఆ రెండు వేళ్ళ దగ్గర నేను చాన్నాళ్ళు ఆగిపోయాను. ఈ లెక్క ఎక్కడో విన్నానే అనిపించింది. విన్నది చిన్నప్పుడు, భాగవతం చెప్పే ఇంట్లో. యశోద కృష్ణుణ్ణి రోలుకు కట్టబోతుంది. తాడు రెండు వేళ్ళు తక్కువవుతుంది. ఇంకో తాడు కలుపుతుంది, మళ్ళీ రెండు వేళ్ళే తక్కువ. ఇంట్లో తాళ్ళన్నీ అయిపోతాయి. తల్లి చెమటలు పట్టి, కొప్పు జారి అలసిపోయినప్పుడు, అది చూసి పిల్లవాడే కట్టుబడతాడు. పండితులు ఈ రెండు వేళ్ళకు పెద్ద అర్థాలు చెప్తారు, చెప్పనీయండి. ఫొటోలు తీసేవాడిగా నాకు అందులో కనిపించేది ఒకటే. కట్టేవాళ్ళ దగ్గర ఎంత తాడు ఉన్నా, కట్టించుకునేవాళ్ళు ఒప్పుకునేదాకా ఆ రెండు వేళ్ళు తగ్గుతూనే ఉంటాయి. క్యాలెండర్ బొమ్మల్లో కూడా చూడండి, రోలుకు కట్టిన కృష్ణుడు ఎప్పుడూ యశోద వైపు ఓరగా చూస్తూ ఉంటాడు. భయపడ్డ మొహమే, భయం లేని కళ్ళు. మన క్యాలెండర్లు గీసినవాళ్ళు బెట్టీ పేజ్ ఫొటోలు చూసి ఉండరు.

ఆ ఒప్పుదల లేకుండా తీసిన ఫొటో కూడా చూపించాలి, లేకపోతే కథ సగమే. అదీ మన పొరుగునే. విలోబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు అశ్వికదళం అధికారి సికింద్రాబాద్‌లో ఉండి వెస్టర్న్ అనే భాగస్వామితో ఫొటోల వ్యాపారం నడిపాడు. రకరకాల కులాలవాళ్ళను వరసగా నిలబెట్టి తీశాడు, ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే 8 సంపుటాల పుస్తకానికి. 1876-78లో, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే కరువులో, ఎముకలు తేలిన కుటుంబాలను గుంపులుగా కూర్చోబెట్టి, పోజులు పెట్టి తీశాడు. ఆ ఫొటోల్లో కూర్పు బాగుంటుంది. పెద్దవాళ్ళు వెనక, పిల్లలు ముందు, పెళ్ళి గ్రూప్ ఫొటో లాగే. చూస్తే కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంటుంది. 1886లో బర్మాలోని మాండలేలో అదే హూపర్, చేతులు కట్టేసి గోడ ముందు నిలబెట్టిన బర్మా ఖైదీలను తుపాకులు పేలే క్షణంలో తీయడానికి కెమెరా పెట్టాడు. లండన్‌లో పత్రికలు, పార్లమెంటు గొడవ చేశాయి, విచారణ జరిగింది. వెలుతురు బాగానే ఉండి ఉంటుంది. కోణం కూడా. పని తెలిసినవాడే.

హూపర్ వ్యాపారం నడిపిన సికింద్రాబాద్ పక్కనే, కొద్ది ఏళ్ళకే ఇంకొకాయన చేసింది చెప్పాలి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళకు వేరుగా జనానా స్టూడియో పెట్టాడు. చుట్టూ ఎత్తు గోడలు. లోపల ఫొటోలు తీసేది ఒక ఇంగ్లిషు ఆవిడ. పరదా వెనక ఉండే స్త్రీలు తమకు కావాల్సినట్టు కూర్చొని, కావాల్సినవాళ్ళకే చూపించుకునే ఫొటోలు. దీన్‌దయాళ్ తీసిన రాజభవనాల కంటే ఆ ఎత్తు గోడలే నాకు ఎక్కువ ఇష్టం, నేను వాటిని చూడకపోయినా.

గోడ విషయంలో ఈ రోజుల్లోనూ పొరపాటు పడుతున్నారు. జపాన్‌లో అరాకి నోబుయోషి పేరుమోసిన ఫొటోగ్రాఫర్, తాళ్ళ ఫొటోలతోనే ప్రపంచమంతా తిరిగాడు. 2018లో ఆయన మోడల్ కావోరి తాను పదహారేళ్ళు పనిచేసినా ఒప్పందం కాగితం అన్నది లేదని, తన ఫొటోలు ఎక్కడెక్కడికి పోతున్నాయో తనకు చెప్పలేదని బయటపెట్టింది. దిగడానికి ఒప్పుకుంది, పంచడానికి ఒప్పుకోలేదు. ఈ తేడా మన చట్టంలో కూడా రాసి ఉంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణలో, తీయడానికి ఒప్పుకున్న స్త్రీ ఇతరులకు పంపడానికి ఒప్పుకోకపోతే, పంపినవాడిది నేరం. ఐటీ చట్టం 66ఈ, 67 సెక్షన్లు కూడా గుర్తుంచుకోండి. స్టూడియో కంప్యూటర్‌లో ఫోల్డర్ తాళం వేయని తమ్ముళ్ళకు ఇది చెప్తున్నాను. స్టూడియోలో పనిచేసే పిల్లవాడు చూడటం కూడా పంచడమే.

ఇంకొక మాట దాటేస్తే ఈ ఊరు నన్ను క్షమించదు. కట్టుబడ్డ ఒళ్ళు మన దగ్గర ఆటకు ముందు బతుకు. వెట్టి చేసినవాళ్ళు, జీతమున్నవాళ్ళు, గడీ ముందు కట్టేసి నిలబెట్టినవాళ్ళు మన తాతలే. వెట్టిని రద్దు చేస్తూ దేశమంతటికీ చట్టం వచ్చింది 1976లో, అంటే ఈ సభలో ఉన్న కొందరు పుట్టిన తర్వాత. ఆ జ్ఞాపకం ఉన్న కళ్ళకు తాడు ఫొటో అందంగా కనిపించకపోతే అది వాళ్ళకు కళ తెలియక కాదు. తర్వాత ఒకసారి ఆ కుర్రాడికి నేను ఇది చెప్పాను. వాడు, “ఆమె తాత కూడా జీతం ఉన్నోడే సార్. ‘అప్పుడు కట్టినోళ్ళు మమ్ముల అడగలేదు, ఇప్పుడు నేనే చెప్తున్న ఎట్ల కట్టాల్నో’ అన్నది” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదేమో.

తీశాడు. ఆమె తరఫున ఆమె స్నేహితురాలు గదిలో ఉంది. కాగితం మీద సంతకాలయ్యాయి. ముందురోజు తాడు లేకుండా పోజులన్నీ చేసి చూసుకున్నారు. కట్టు మీద కట్టు వేసేటప్పుడు వాడు తన రెండు వేళ్ళు దూర్చి చూశాడట, ఆమె కూడా తన రెండు వేళ్ళు దూర్చి చూసుకుందట. ఇద్దరి వేళ్ళ మందం ఒకటి కాదు కదా అని వాడి వాదన.

కరపత్రంలో ‘ఫొటో ప్రదర్శన ఉంటుంది’ అని వేశారు, మీరంతా ఇందాకటి నుంచి ఈ తెర వైపు చూస్తున్నారు. ఆ ఫొటోలు ఎవరు చూడొచ్చో ఆమె పేర్లు రాసి ఇచ్చింది. ముగ్గురు. నేను మూడోవాణ్ణి. కాబట్టి అవి ఈ తెర మీదికి రావు. వచ్చేది ఒక్కటే ఫొటో, నేను పొలం గట్టు మీద నిలబడి తీసిన పాతది. ఆ గౌడన్న ఇప్పుడు చెట్టెక్కడం లేదు. కొడుకు వెంట వచ్చి అదిగో ఆ కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున వాళ్ళింటికి పోయి అడిగాను. పిక్కలు వణుకుతున్న సంగతి కూడా చెప్పాను. “ఏసుకో, గప్పుడు నేను మంచిగుంటుంటి” అన్నాడు.

లైట్లు తీసేయండి.